పాట వెళ్లిన దారి – 9: అమ్మమ్మ మేజోడులో ముప్పై డాలర్లు

కిందటి భాగంలో అమెరికన్ సువార్త సభల జంట మూడీ, శాంకీలను లండన్‌లో వదిలాం. మూడీ మాట్లాడతాడు, శాంకీ చిన్న హార్మోనియం ముందు కూర్చుని పాడతాడు. 1873లో ఊరూపేరూ తెలియని మనుషులుగా లివర్‌పూల్ రేవులో దిగిన ఆ ఇద్దరూ, 1875లో తిరుగు ఓడ ఎక్కేనాటికి బ్రిటన్ అంతటికీ తెలిసిన మనుషులయ్యారు. స్కాట్లండ్ రైల్వే స్టేషన్లో కొన్న పత్రికలో కనపడిన పద్యాన్ని శాంకీ కత్తిరించి జేబులో పెట్టుకోవడం, ఆ తర్వాత సభలో అప్పటికప్పుడు బాణీ కట్టి పాడేయడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

అయితే లండన్ జనం నోట ఎక్కువగా నానిన పాట అది కాదు, ‘హోల్డ్ ద ఫోర్ట్’. కోట వదలకండి, సాయం వస్తోంది అని చెప్పే కవాతు పాట. వాళ్లు ఇంకేం చేయకపోయినా ఈ ఒక్క పాట నేర్పి వెళ్లినా చాలునన్నట్టు మాట్లాడాడు పెద్దమనిషి షాఫ్ట్స్‌బరీ ప్రభువు.

ఆ పాట శాంకీది కాదు. రాసినవాడూ బాణీ కట్టినవాడూ చికాగోలో ఉన్నాడు. పేరు ఫిలిప్ పాల్ బ్లిస్. ఈ భాగం ఆయనది, అంతకంటే ఎక్కువగా ఆయన భార్య లూసీది.

ఆ కాలపు దంపతుల ఫొటోల కింద ఒక వాడుక కనిపిస్తుంది. భర్త పేరు పూర్తిగా రాస్తారు, పక్కన ‘ఆయన భార్య’ అని మాత్రం ఉంటుంది. ఆమెకూ ఓ పేరుందన్న సంగతి కార్డు మీద చోటు చాలక కాదు, అవసరం అనిపించక రాయరు. బ్లిస్ పోలికలు మనకు బాగానే తెలుసు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఛాతీ మీదికి దిగే నల్లటి గడ్డం. లూసీ సంగతికి వస్తే, ఫొటోలు చెప్పేది తక్కువ. ఎందుకో తెలియాలంటే అవి ఎలా తీసేవారో చూడాలి.

ఆ రోజుల్లో ఫొటో దిగడమంటే ఒక పూట పని. స్టూడియో దాదాపు ఎప్పుడూ మేడ మీదే. కప్పుకు గాజు పలకలు బిగించి, వీలైనంత వరకు ఉత్తరపు వెలుతురు పడేలా కట్టేవారు. పక్కన చీకటి గదిలో ఫొటోగ్రాఫరు గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు పోసి, నాలుగు మూలలకూ పారేలా వంచి, వెండి లవణం కలిపిన నీళ్లలో ముంచేవాడు. అక్కణ్నుంచి అంతా హడావుడే. పలక తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి, బొమ్మ తీయాలి, మళ్లీ చీకటి గదికి పరుగెత్తి కడగాలి. పది నిమిషాల్లో అయిపోవాలి. ఆ వెండి నీళ్లు అంటుకుని వాళ్ల వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. గదంతా ఈథర్ వాసన.

దిగేవాళ్ల కష్టం ఇంకోరకం. కొన్ని సెకన్ల పాటు కదలకూడదు. అందుకని వెనక ఇనప స్టాండు నిలబెట్టి, దానికున్న చీలిక పట్టుతో తల వెనక భాగాన్ని ఆనించేవారు. పాత ఫొటోల్లో నిలబడినవాళ్ల కాళ్ల వెనక కాస్త పరికించి చూడండి, ఆ స్టాండు దిమ్మ అప్పుడప్పుడూ బయటపడుతుంది. అన్ని సెకన్లు నవ్వు నిలవదు, అదురుతుంది. అందుకే మన తాతల ఫొటోల్లోనూ వాళ్ల తాతల ఫొటోల్లోనూ అందరూ కోర్టులో సాక్ష్యానికి నిలబడ్డట్టే ఉంటారు. ఇంకో చిత్రం, ఆ మందుకు నీలం రంగు తెల్లగా, ఎరుపు నల్లగా కనిపించేది. నీలికళ్లు వెలిసిపోయేవి, ఎర్రజుట్టు బొగ్గయ్యేది. కాబట్టి అలాంటి బొమ్మ చూసి ఫలానా వాళ్ల కళ్లు ఇలా ఉండేవి, చీర ఆ రంగు, గౌను ఈ రంగు అని తేల్చడానికి లేదు.

చివరికి గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ఎండలో ముద్ర వేసి, మందపాటి అట్టకు అతికించి ఇచ్చేవారు. చిన్న సైజు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు, అరచేతిలో ఇమిడేది. పేరున్నవాళ్లవైతే దుకాణాల్లో అమ్మేవారు. జనం కొని ఆల్బమ్‌లో చుట్టాల ఫొటోల పక్కనే పెట్టుకునేవారు.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం.

బ్లిస్ 1838 జూలై 9న పెన్సిల్వేనియాలోని క్లియర్‌ఫీల్డ్ కౌంటీలో, దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టాడు. తండ్రి భక్తిపరుడు, పాట ప్రాణం, చేతిలో చిల్లిగవ్వ లేదు. పదేళ్ల వయసులో పిల్లవాడు కూరగాయల బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముతుంటే ఒక ఇంట్లోంచి ఏదో నాదం వినపడింది. అంతకుముందు పియానో వినలేదు. కాళ్లకు చెప్పుల్లేవు, పిలవలేదు, అయినా లోపలికి వెళ్లి గుమ్మంలో నిలబడిపోయాడు. వాయిస్తున్న అమ్మాయి ఆపగానే ఇంకాస్త వాయించమని అడిగాడు. ఆ పెద్దకాళ్లతో ముందు బయటికి నడవమంది ఆవిడ. బ్లిస్ పెద్దయ్యాక ఈ కథను నవ్వుతూ చెప్పుకునేవాడట. పియానో మాట మరిచిపోయినా ‘పెద్దకాళ్లు’ అన్న మాట మరిచిపోయినట్టు లేదు.

పదకొండేళ్లకే ఇల్లు వదిలి కలప కూపుల్లో, రంపపు మిల్లుల్లో పనికి కుదిరాడు. అక్కడ వంటవాడికి సాయం, ఇక్కడ దుంగల మోత. మధ్యలో వీలున్నప్పుడు బడి. పద్దెనిమిదేళ్లకు తనే పంతులయ్యాడు. 1857లో టౌనర్ అనే ఆయన ఆ కుర్రాడి గొంతు విని పాఠం చెప్పాడు. అదే ఏడాది రోమ్ ఊళ్లో (ఇది ఇటలీ రోమ్ కాదు, పెన్సిల్వేనియాలోని పల్లెటూరు) విలియం బ్రాడ్‌బరీ నడిపిన సంగీత సభకు వెళ్లాడు. సండే స్కూలు పాటలకు బ్రాడ్‌బరీ అప్పటికి పెద్ద పేరు. ఆ సభ తర్వాత బ్లిస్‌కు సంగీతం తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది.

ఆ రోమ్‌లోనే యంగ్ వారి కుటుంబం ఉంది. ఇంటిల్లిపాదీ పాడతారు. లూసీ ఆ ఇంటి పాటలోనే పెరిగిన పిల్ల. 1859 జూన్ 1న పెళ్లయింది. ఆమెకు 18, అతనికి ఇంకా 21 నిండలేదు. పెళ్లికొడుక్కి ఆస్తి లేదు. మామగారి పొలంలోనే నెలకు 13 డాలర్ల జీతానికి పనిచేశాడు. ఇల్లరికపు అల్లుడు అనడానికి మొహమాటపడితే జీతగాడు అనుకోవచ్చు.

1860లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనెసియోలో సంగీత పంతుళ్లకు ఆరు వారాల శిక్షణ పెడుతున్నారని తెలిసింది. ఖర్చు 30 డాలర్లు, అంటే రెండు నెలల జీతం పైన. ఆ డబ్బు పుట్టే దారి లేక బ్లిస్ మంచం మీద పడి ఏడ్చాడట. అది చూసిన లూసీ అమ్మమ్మ (అల్లెన్ అమ్మమ్మ అనేవారు ఆమెను) సంగతేమిటని అడిగింది. విని లోపలికి వెళ్లి ఒక పాత మేజోడు తెచ్చింది. ఎన్నో ఏళ్లుగా చేతికి వచ్చిన వెండి నాణేన్నల్లా అందులో పడేస్తూ వచ్చింది. మన అమ్మమ్మల పోపుల డబ్బా, చెంగు ముడీ లాంటిదే ఆ మేజోడు. బోర్లించి లెక్కపెడితే ముప్పై దాటాయి.

బ్లిస్ జీవితంలో మలుపులన్నీ మూడీతోనో, తర్వాత పరిచయమైన ప్రసంగీకుడు విటిల్‌తోనో మొదలుపెడతారు రాసేవాళ్లు. నా లెక్కలో మొదటి మలుపు ఈ మేజోడు. ఆ ముసలావిడ ‘మా మనవరాలి మొగుడికి పాటల పిచ్చేమిటి, పొలం చూసుకోక’ అని ఉంటే ‘హోల్డ్ ద ఫోర్ట్’ లేదు. ఫొటో కింద ‘ఆయన భార్య’ అని సరిపెట్టిన ఆ రెండు మాటల వెనక ఇంత పుట్టింటి సొమ్ముంది.

జెనెసియో నుంచి వచ్చాక బ్లిస్ ఊరూరా తిరిగే సంగీతం మాస్టారయ్యాడు. ఒక ముసలి గుర్రం, బండి మీద మెలోడియన్, అంటే తొక్కుడు హార్మోనియం. శీతకాలం రాత్రుళ్లు బళ్లో పాఠాలు, వేసవిలో మళ్లీ పొలం. 1864లో ‘లోరా వేల్’ అనే పాట రాసి చికాగోలోని రూట్ అండ్ కేడీ కంపెనీకి పంపాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాది సైనికులు పాడుకున్న పాటలు అచ్చువేసి బాగా సంపాదించిన కంపెనీ అది. పాట ప్రచురించారు, కొద్ది కాలానికి మనిషినే పనిలో పెట్టుకున్నారు. కంపెనీ తరఫున పశ్చిమాది ఊళ్లకు వెళ్లడం, సభలు పెట్టడం, పాడటం నేర్పడం, నేర్చుకున్నవాళ్లకు కంపెనీ పుస్తకాలు అమ్ముడయ్యేలా చూడటం అతని ఉద్యోగం. మధ్యలో 1865లో సైన్యంలోకి పిలుపు వచ్చింది కానీ యుద్ధం అయిపోవచ్చింది, రెండు వారాల్లో ఇంటికి పంపేశారు.

1869 వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం ఆ దంపతులు చర్చికి ముందు అలా నడిచి వస్తుంటే వీధిలో మూడీ ప్రసంగం వినిపించింది. ఆయన వెంట సభకు వెళ్లారు. ఆ రోజు పాట నడిపించే మనిషి లేడు, పాట కుంటుతోంది. జనంలోంచి ఒక గొంతు మాత్రం గంటలా లేచింది. సభ అయ్యాక మూడీ గుమ్మం దగ్గర నిలబడి ఆ గడ్డపాయన్ని పట్టుకున్నాడు, వదల్లేదు.

మరుసటి ఏడాది మేజర్ విటిల్ పరిచయమయ్యాడు. అంతర్యుద్ధంలో పోరాడిన మనిషి, తర్వాత సువార్త ప్రసంగీకుడు. 1870లో రాక్‌ఫర్డ్ సభలో విటిల్ ఒక యుద్ధ కథ చెప్పాడు. 1864 అక్టోబరులో అలటూనా కనుమ దగ్గర ఉత్తరాది దళం ముట్టడిలో చిక్కింది. అట్లాంటా చుట్టూ ఉన్న సైన్యానికి కావలసిన తిండిగింజలన్నీ అక్కడే. మైళ్ల దూరంలో కెన్నెసా కొండ మీంచి జనరల్ షెర్మన్ మనుషులు జెండాలు ఊపి కబురు పంపారు, సాయం వస్తోందని. విన్న బ్లిస్ బుర్రలో పాట అప్పుడే మొదలైంది. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ పాట మీద బ్లిస్‌కు పెద్ద మోజు లేదు. ఇంతకంటే మంచివి రాశాను, దీన్ని రాసినవాడిగానే నన్ను గుర్తుపెట్టుకోకుంటే బాగుండునని శాంకీతో అన్నాడు. తర్వాతి కాలంలో కార్మిక సంఘాల వాళ్లు దాని మాటలు మార్చి సమ్మెల్లో పాడారు. పాటకు రాసినవాడి ఇష్టాయిష్టాలతో పనేముంది!

1873 చలికాలంలో స్కాట్లండ్ నుంచి మూడీ ఉత్తరాల మీద ఉత్తరాలు. ఉద్యోగాలు మానండి, విటిల్ మాట్లాడాలి, నువ్వు పాడాలి, ఊళ్లు తిరగండి. అప్పటికి బ్లిస్‌కు నిలకడైన ఆదాయం ఉంది, చర్చిలో గాయక బృందం ఉంది, ఇంట్లో పసివాడున్నాడు. ఇక్కడ లూసీ మాట కావలసి వచ్చింది. దేవుని పని అని నమ్మకం కుదిరితే జీతం సంగతి ఆలోచించనక్కర్లేదన్నది ఆమె. 1874 మార్చి నెలాఖరున వాకీగన్ అనే ఊళ్లో మూడు రోజులు ప్రయోగంగా సభలు పెట్టారు. జనం కదిలిపోయారు. చికాగో తిరిగొచ్చిన బ్లిస్ ఒప్పుకున్న కచేరీలన్నీ వదులుకున్నాడు.

అదే 1874లో సిన్సినాటిలోని జాన్ చర్చ్ కంపెనీ బ్లిస్ పాటల పుస్తకం వేసింది. పేరు ‘గాస్పెల్ సాంగ్స్’. ఇవాళ గాస్పెల్ అనగానే మనకు నల్లజాతి గాయక బృందాలు, చప్పట్లు, ఊగే గౌన్లు గుర్తొస్తాయి. ఆ ధార వేరు, అది మనం చెప్పుకుంటున్న కాలం తర్వాత చాలాకాలానికి విస్తరించింది. కానీ ఈ తరహా పాటలకు ఆ పేరు స్థిరపడటంలో బ్లిస్ పుస్తకం చేయి పెద్దది. అటు శాంకీ బ్రిటన్‌లో తన పాటల పుస్తకంతో పేరు తెచ్చుకుని వచ్చాడు, ఆయన్ను న్యూయార్కులోని బిగ్లో అండ్ మెయిన్ కంపెనీ పట్టుకుంది. ఒకే బజారు, రెండు పుస్తకాలు, రెండు కంపెనీలు. కొట్టుకుంటారనుకున్నచోట రాజీపడ్డారు. 1875లో రెండూ కలిపి ‘గాస్పెల్ హిమ్స్ అండ్ సేక్రెడ్ సాంగ్స్’ వేశారు, అట్ట మీద రెండు కంపెనీల పేర్లూ, లోపల బ్లిస్, శాంకీ ఇద్దరి పేర్లూ. రాయల్టీని ఇద్దరూ సొంతానికి వాడుకోలేదు, సువార్త పనులకు ఇచ్చేశారు. ఈ పుస్తకాల బాణీలే మిషనరీల పెట్టెల్లో సముద్రాలు దాటాయి. మన తెలుగు సంఘాల పాటల పుస్తకాల్లో రాగం, తాళం రాసిన కీర్తనల పక్కనే ‘ఇంగ్లీషు బాణీ’ పాటలు కనపడటానికి మూలం ఆ తరహా పుస్తకాలే.

1876 నవంబరులో హొరేషియో స్పాఫర్డ్ రాసిన ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ పాటకు బ్లిస్ బాణీ కట్టి చికాగోలో పాడాడు. ‘విల్ డు హావ్ర్’ అనే ఓడ 1873లో అట్లాంటిక్‌లో మునిగినప్పుడు స్పాఫర్డ్ నలుగురు కూతుళ్లూ పోయారు. బ్లిస్ తన బాణీకి ఆ ఓడ పేరే పెట్టాడు. ఆ పాటకు నెల తిరిగిందో లేదో, అతని వంతు వచ్చింది.

ఆ క్రిస్మస్‌కు దంపతులు రోమ్ వెళ్లారు. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నవాడు ఇంకా పసివాడు. ఆదివారం, డిసెంబరు 31న చికాగోలో మూడీ సభామందిరంలో పాడాలని కబురు. పిల్లలను ఊళ్లో బంధువుల దగ్గర వదిలి గురువారం బయల్దేరారు. దారిలో ఇంజను చెడి ఒక రాత్రి హోర్నెల్స్‌విల్‌లో ఆగిపోవలసి వచ్చింది. శుక్రవారం బఫెలోలో పసిఫిక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. పెట్టె మాత్రం ముందే చికాగో దారి పట్టింది.

బయట మంచు తుఫాను. పదకొండు బోగీలు లాగడానికి రెండు ఇంజన్లు కట్టారు. ముందుదాని పేరు సోక్రటీస్, వెనకదాని పేరు కొలంబియా. రాత్రి ఏడున్నర కావస్తుండగా రైలు ఒహాయోలోని ఆష్టబులా ఊరి అంచున నది మీది ఇనప వంతెన ఎక్కింది. కింద సుమారు డెబ్భై అడుగుల లోతు. సోక్రటీస్ డ్రైవరు డాన్ మెగ్వైర్‌కు బండి ఎత్తెక్కుతున్నట్టు అనిపించింది. వెనక వంతెన కుంగిపోతోందన్నమాట. ఆవిరి మొత్తం వదిలాడు. సోక్రటీస్ కొక్కెం తెంచుకుని అవతలి గట్టు ఎక్కింది. కొలంబియా, దాని వెనక బోగీలు ఒకదాని మీద ఒకటి లోయలో పడ్డాయి. బోగీల్లో చలి కాచుకునే పొయ్యిలు, నూనె దీపాలు. చెక్క బోగీలకు నిప్పంటుకోవడానికి ఎంతసేపు! సుమారు 160 మందిలో 92 మంది చనిపోయారు. ఊరి అగ్నిమాపక యంత్రం వచ్చింది గానీ మంటల మీద నీళ్లు పడలేదు.

ఈ వంతెన కథలో అసలు తప్పు పదకొండేళ్ల కిందటిది. 1865లో దాన్ని కట్టించినవాడు రైల్వే అధ్యక్షుడు అమాసా స్టోన్. చెక్కకు పనికొచ్చే హోవ్ తరహా నిర్మాణాన్ని ఇనుముతో కట్టాలని పట్టుబట్టాడు. నక్షాలు గీసిన జోసెఫ్ టాంలిన్‌సన్ దూలాలు చాలవని చెప్పాడు. స్టోన్ అతన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. చెప్పేవాణ్ని పంపేస్తే వంతెన గట్టిపడుతుందనుకున్నాడేమో. విచారణ సంఘం స్టోన్‌నూ కంపెనీనీ తప్పుపట్టింది. కంపెనీ చీఫ్ ఇంజనీరు చార్లెస్ కాలిన్స్ సాక్ష్యం చెప్పిన కొద్ది రోజులకే తన గదిలో తుపాకీ గాయంతో శవమై కనిపించాడు. ముందు ఆత్మహత్య అన్నారు, పుర్రె పరిశీలించిన వైద్యులు హత్య అన్నారు. 1883లో స్టోన్ తనను తాను కాల్చుకున్నాడు.

బ్లిస్ దంపతుల ఆనవాళ్లు ఏమీ దొరకలేదు. బతికి బయటపడిన ఒకాయన చెప్పిన కథ ఊరూరా పాకింది. బ్లిస్ కిటికీలోంచి బయటికి వచ్చేశాడనీ, సీట్ల ఇనుము కింద చిక్కిన లూసీ కోసం మళ్లీ మంటల్లోకి వెళ్లాడనీ. కావచ్చు. ఆ చీకట్లో, ఆ పొగలో, ఎవరు ఎవరో పోల్చుకోగలిగిన సాక్షి ఒక్కడే అన్న సంగతి మాత్రం మరవకూడదు. పైగా ఈ కథలోనూ లూసీ వేచి ఉండే మనిషే, ఫొటోల కింది ‘ఆయన భార్య’ లాగే. మేజోడు, పుట్టింటి పాట, జీతం వదులుకొమ్మన్న మాట ఇవన్నీ కథ నుంచి జారిపోయాయి. నేను చూసినంతవరకు రుజువున్నవి అవే.

గుర్తుపట్టలేని శవాలను ఆష్టబులాలోని చెస్ట్‌నట్ గ్రోవ్ శ్మశానంలో కలిపి పూడ్చారు. కాలిన్స్ సమాధి కూడా ఆ పక్కనే. రోమ్ ఊళ్లో సండే స్కూలు పిల్లల చందాలతో 1877 జూలైలో ఒక స్తంభం నిలబెట్టారు. దాని మీద ఏం చెక్కారంటే, ‘హోల్డ్ ద ఫోర్ట్’ కర్త అని.

ఇంతకీ ఆ పెట్టె చికాగో చేరింది, చెక్కుచెదరకుండా. లోపల బ్లిస్ చేతి రాతలో మాటలు మాత్రమే ఉన్న ఒక పాట ఉంది. దానికి బాణీ కట్టినవాడు, విటిల్ పక్కన బ్లిస్ చోటు తీసుకున్నవాడు జేమ్స్ మెక్‌గ్రానహన్. వచ్చే సంచికలో ఆయన ఆ పెట్టె తెరుస్తాడు.